దేవుడి సొమ్ముకు లెక్క ఏమిటన్నారు, సంతకం పెట్టనా?

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్యే ఒక ప్రార్థనాస్థలానికి నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. అది ఏ మతానిదో కావాలనే రాయడం లేదు. మీ జవాబు అందరికీ పనికి రావాలి. సొసైటీగా రిజిస్టరై పన్నెండేళ్ళయింది. కానుకల పెట్టె, చందాలు కలిపి ఏడాదికి సుమారు 9 లక్షలు, హాలు అద్దెలు మరో 3 లక్షలు వస్తాయి. హాలు అద్దె రోజుకు 12,000. ఆదివారాలు ఉచిత వైద్యశాల నడుపుతున్నాం. దానికి ‘వైద్యశాల నిమిత్తం’ అని రాసిన పెట్టె విడిగా ఉంది.

బాధ్యత అప్పగిస్తూ నా చేతికి ఇచ్చినవి ఒక ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం, మూడు రశీదు పుస్తకాలు, బీరువా తాళంచెవి. ఒక రశీదు పుస్తకంలో 37 నుంచి 41 వరకు కాగితాలు లేవు. నోటుపుస్తకంలో ఒక చీటీ దొరికింది. కార్యవర్గ సభ్యుడొకరికి 40,000 ఇచ్చినట్టు, పక్కన ‘తర్వాత ఇస్తారు’ అని ఉంది. రంగులు వేసిన మేస్త్రీకి 68,000 ఒకేసారి నగదుగా ఇచ్చారు. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ అధ్యక్షుల వారి అబ్బాయి ఖాతాది. ఇవన్నీ అడిగితే అధ్యక్షులు నవ్వి, ‘దేవుడి సొమ్ముకు లెక్క ఏమిటి మాస్టారూ! మతసంస్థలకు పన్ను లేదు, ప్రభుత్వానికి మన జోలికి వచ్చే హక్కూ లేదు’ అన్నారు. ఆయన మంచివారు, ఈ కట్టడానికి స్థలం ఇచ్చింది ఆయనే. అమెరికాలోని వారి మేనల్లుడు కూడా అక్కడ ప్రార్థనాస్థలాలు రిటర్నులే వేయవని చెప్పాడట. అతను 5,000 డాలర్లు పంపుతానంటున్నాడు. చందాదారులేమో తమ పన్నులో రాయితీ కోసం 80జీ రశీదు అడుగుతున్నారు. గడిచిన మూడేళ్ళ జమాఖర్చుల కాగితం మీద ఇప్పుడు నన్ను సంతకం పెట్టమంటున్నారు. పాత నోటుపుస్తకం చూడటానికి బాగాలేదు కనుక కొత్తదాంట్లో శుభ్రంగా తిరగరాయమని కూడా అంటున్నారు. ఏం చేయను?

— ఒక కోశాధికారి

జవాబు: మాస్టారూ, సంతకం పెట్టకండి. ఆ మూడేళ్ళు డబ్బు మీ చేతిలో లేదు, తాళంచెవీ మీ దగ్గర లేదు. మీరు చూడని పెట్టెలో ఎంత పడిందో మీరు ధ్రువీకరించడం ఎలా కుదురుతుంది? ఆ కాగితం మీద అప్పటి కోశాధికారి, అప్పటి అధ్యక్షులు పెట్టాలి. మీ సంతకం మీరు బాధ్యత తీసుకున్న తేదీ నుంచి మొదలవుతుంది. తిరగరాయడం సంగతి చివర చెబుతాను.

ఇక అధ్యక్షుల వారి మాట. నలభై ఏళ్ళ ఆడిటు వృత్తిలో ఈ మాట నాకు అన్ని మతాల వారి నోటా ఒకే రాగంలో వినిపించింది. ‘మతసంస్థకు పన్ను లేదు’ అన్న వాక్యంలో సగం నిజం ఉంది. ఆ సగమే మనుషుల్ని ముంచుతుంది. మన దేశంలో మతసంస్థ అయినంత మాత్రాన పన్ను మినహాయింపు రాదు. మతపరమైన పనికి ఖర్చు పెట్టానని చూపిన సొమ్ముకు వస్తుంది. ఇది ఈనాటి నిబంధన కూడా కాదు. 1886 నాటి ఆదాయపు పన్ను చట్టమే మతానికి, ప్రజోపయోగమైన ధర్మానికి వినియోగమైన ఆస్తి మీది ఆదాయాన్ని మినహాయించింది. వినియోగం అన్నది అప్పటి నుంచీ షరతే. మరి వినియోగమైందో లేదో లెక్క చూడకుండా తెలిసేదెలా?

చట్టం నంబర్ల గురించి ఒక మాట. 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్లకు, ఫారాలకు నంబర్లు మారాయి. నేను పాత నంబర్లే వాడుతున్నాను, ఎందుకంటే మీ బీరువాలో ఏవైనా కాగితాలు ఉంటే వాటి మీద అవే కనిపిస్తాయి. పైగా మీ మూడేళ్ళ తగాదా అంతా పాత చట్టం కిందిదే.

ముందు బీరువా అంతా వెతికి ‘12ఏ’ లేదా ‘12ఏబీ’ అని ఉన్న ఉత్తర్వు ఉందేమో చూడండి. సొసైటీ రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. సొసైటీల రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్టు సంస్థ పుట్టిందని చెబుతుంది, అంతే. ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదైతేనే మినహాయింపు. అది లేకపోతే చందాలు కూడా చట్టం దృష్టిలో ఆదాయమే, మీ 12 లక్షలకూ మతం పేరు చెప్పి తప్పించుకునే వీలు ఉండదు. ఎప్పుడో తీసుకున్న పాత 12ఏ కాగితం ఒకటి ఉందని సంబరపడకండి. 2021లో పాత నమోదులన్నీ మళ్ళీ చేయించుకోవలసి వచ్చింది. ఆ గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 2024 జూన్ 30 దాకా తెచ్చారు. అలా వచ్చిన నమోదు ఐదేళ్ళదే, చాలా సంస్థలకు అది 2026 మార్చి 31తో ముగిసేది. 2025 బడ్జెట్టు మీలాంటి చిన్నవారికి ఒక వెసులుబాటు ఇచ్చింది. దరఖాస్తుకు ముందటి రెండేళ్ళలో ఏ ఏడాదీ ఆదాయం 5 కోట్లు దాటకపోతే పదేళ్ళకు నమోదు ఇస్తారు. గడువు దాటిపోయి ఉంటే, కారణం సబబైతే ఆలస్యాన్ని మన్నించే అధికారం 2024 అక్టోబరు నుంచి కమిషనరుకు ఉంది. ‘మాకు తెలియదు’ అన్నది సబబైన కారణం అవుతుందో లేదో ఆయన దయ.

నమోదు ఉందనుకుందాం. మీ 12 లక్షల్లో 85 శాతం, అంటే 10,20,000 ఆ ఏడాదే సంస్థ ఆశయాల మీద ఖర్చు కావాలి. మిగిలిన 1,80,000 ఏ షరతూ లేకుండా వెనకేసుకోవచ్చు. పైకప్పు వేయాలి, అంతకంటే ఎక్కువ కూడబెట్టాలి అనుకుంటే, ఎందుకోసమో, ఎన్నేళ్ళకో ముందుగా శాఖకు ఫారం 10లో రాసివ్వాలి. ఐదేళ్ళ వరకు వీలుంది. ఆ సొమ్ము బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్ల వంటి చట్టం చెప్పిన చోట్లే ఉండాలి. బీరువా ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు మేస్త్రీ దగ్గరికి వద్దాం. ఒక రోజులో ఒక మనిషికి 10,000 మించి నగదుగా ఇస్తే ఆ మొత్తాన్ని ఖర్చుగా లెక్కించరు. గోడలకు రంగు కళ్ళెదుటే మెరుస్తూ ఉంటుంది, కాగితం మీద మాత్రం ఆ 68,000 ఖర్చు కానట్టే, 85 శాతంలో ఆ మేరకు లోటు పడుతుంది. పైగా 30,000 దాటిన కాంట్రాక్టు పని కనుక ఒక శాతం టీడీఎస్ (ఇచ్చే సొమ్ములోంచే ముందుగా పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టి ఉండవలసింది. అది 680 రూపాయలే, కానీ పట్టనందుకు పడే ఇబ్బంది అంతకు ఎన్నో రెట్లు. ఆ 68,000 చెక్కు రూపంలో ఇచ్చి, 680 పట్టి కట్టి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

చీటీ మీది 40,000 ఇంకా గడ్డు విషయం. సెక్షన్ 13 కొందరిని ప్రత్యేకంగా పేర్కొంటుంది. సంస్థను స్థాపించినవారు, పెద్ద మొత్తం విరాళం ఇచ్చినవారు, ధర్మకర్తలు, నిర్వాహకులు, అలాగే స్థాపకుల, ధర్మకర్తల, నిర్వాహకుల దగ్గరి బంధువులు. సంస్థ సొమ్ము వీరి సొంతానికి వాడుకుంటే మినహాయింపు పోతుంది. తగిన వడ్డీ, తగిన హామీ లేకుండా అప్పివ్వడం అలాంటి వాడకమే. కార్యవర్గ సభ్యుడు నిర్వాహకుడు కాడని వాదించడం కష్టం. 2022కు ముందైతే ఇలాంటి ఒక్క పొరపాటుతో ఆ ఏడాది మినహాయింపు మొత్తానికి ముప్పు వచ్చేది. ఇప్పుడు ఆ మొత్తం మీదే 30 శాతం పన్ను వేస్తారు, అంటే 12,000, పైన సెస్సు. కానీ దానికి తోడు జరిమానా పెట్టారు, మొదటిసారి ఆ మొత్తానికి సమానంగా 40,000, మళ్ళీ చేస్తే దానికి రెట్టింపు. ఆ సభ్యుడు ఎవరో గాని, తనకు చేబదులు ఇచ్చినవారు ఎవరనుకున్నాడో అడగాలనిపిస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, ఇక్కడ అత్తకు తెలియనైనా తెలియదు, పెట్టెలో పది రూపాయలు వేసి దండం పెట్టుకుని వెళ్ళిపోయింది.

క్యూఆర్ కోడ్ ఈ రోజే చించేయండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. అబ్బాయి ఒక్క రూపాయి వాడుకుని ఉండకపోవచ్చు, నేనూ అలాగే అనుకుంటున్నాను. అయినా ఆ ఖాతాలో పడిన ప్రతి చందా రేపు శాఖవారు అడిగితే అతని ఆదాయంగా కనిపిస్తుంది, అది తనది కాదని రుజువు చేసుకోవలసిన భారం అతని మీద పడుతుంది. సంస్థ పేర ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలతో నడిచేలా పెట్టి, ఆ ఖాతా క్యూఆర్ కోడ్ అంటించండి. ఇప్పటి దాకా వచ్చినది అతని బ్యాంకు స్టేట్‌మెంటు చూసి వరుసగా రాసి ఒకేసారి సంస్థ ఖాతాకు బదిలీ చేయించండి. ఆ స్టేట్‌మెంటు నకలు ఫైల్లో ఉండాలి.

కానుకల పెట్టె గురించి మీరు అడగలేదు, కానీ దాని పక్కనే ఉన్న రెండో పెట్టె నన్ను కలవరపెడుతోంది. ఎవరిచ్చారో తెలియని విరాళాల మీద 115బీబీసీ అనే సెక్షన్ 30 శాతం పన్ను వేస్తుంది. పూర్తిగా మతసంస్థ అయితే ఇది వర్తించదు, పెట్టెలో వేసేవారి పేర్లు ఎవరడుగుతారు! మతమూ ధర్మకార్యమూ రెండూ చేసే సంస్థకూ మామూలు పెట్టె వరకు భయం లేదు. షిర్డీ సాయిబాబా సంస్థాన్ ట్రస్టు కేసులో 2024లో బొంబాయి హైకోర్టు ఈ సంగతే చెప్పింది. అది మతసంస్థా, ధర్మసంస్థా అని శాఖ పట్టుపడితే, రెండూనని, హుండీ సొమ్ముకు పన్ను లేదని తీర్పు వచ్చింది. చిక్కల్లా, పేరు చెప్పని విరాళం ఫలానా ఆసుపత్రికో, బడికో అని ప్రత్యేకించి ఇచ్చినప్పుడు. ‘వైద్యశాల నిమిత్తం’ అని పెట్టె మీద రాసి ఆ ప్రత్యేకింపు మీరే చేసి పెట్టారు. లక్ష రూపాయలు గాని, మొత్తం విరాళాల్లో 5 శాతం గాని, ఏది ఎక్కువైతే అంతవరకు వదిలేస్తారు కనుక మీ చిన్న వైద్యశాలకు ఇప్పుడే ముప్పు లేదు. అయినా ఆ అక్షరాలు చెరిపేసి, వైద్యశాలకు ఇవ్వదలచినవారికి పేరు, చిరునామాతో రశీదు రాసివ్వండి.

హాలు అద్దె దగ్గర జీఎస్టీ గుర్తు పెట్టుకోండి. పూజలు, ప్రార్థనలు జరిపించడానికి ఆ పన్ను లేదు. హాలుకు మాత్రం రోజుకు 10,000 లోపు అద్దె అయితేనే మినహాయింపు, మీది 12,000. మీ సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటలేదు కనుక రిజిస్ట్రేషన్ అవసరం రాలేదు. అంతే తప్ప మతసంస్థ కావడం వల్ల వచ్చిన మాఫీ ఏదీ అక్కడ లేదు. అద్దెల పుస్తకం విడిగా పెట్టండి.

80జీ రశీదు అడిగేవారికి లేదని చెప్పేయండి. సంస్థకు మినహాయింపు వేరు, విరాళం ఇచ్చినవారికి రాయితీ వేరు. ఒక మతానికి ప్రత్యేకించిన సంస్థకు 80జీ ఆమోదం సాధారణంగా రాదు. ధర్మసంస్థ అయితే ఆదాయంలో 5 శాతం దాకా మతపరంగా ఖర్చు పెట్టినా చూసీ చూడనట్టు ఊరుకుంటారు, అంతకు మించితే లేదు. చారిత్రక ప్రాధాన్యమో, రాష్ట్రమంతటా ఖ్యాతో ఉన్నవని కేంద్రం నోటిఫై చేసిన గుళ్ళు, మసీదులు, గురుద్వారాలు, చర్చిల మరమ్మతుకు ఇచ్చిన విరాళంలో సగానికి రాయితీ ఉంది. మీది ఆ కోవలోది కాదనుకుంటాను. ఎవరో ముద్రించిపెట్టిన రశీదు పుస్తకంలో అడుగున ‘80జీ వర్తిస్తుంది’ అనే వాక్యం ఉందేమో చూసి, ఉంటే ఆ పుస్తకం వాడకం ఆపండి. అడిగిన వారిలో చాలామంది కొత్త పన్ను విధానంలో ఉండే ఉంటారు, వారికి ఎలాగూ ఆ రాయితీ లేదు. ఆ సంగతి వారికి చెబితే అడగడం తగ్గుతుంది.

డాలర్ల విషయం తొందరపడకండి. మేనల్లుడి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు కనుక్కోండి. ఇంకా భారత పౌరుడే అయి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా ఒక్క డాలరు ముట్టుకోకూడదు. నమోదు కావాలంటే మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. అవన్నీ ఉన్నా మొదట సొమ్ము దిగవలసింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే, 2020 సవరణ తర్వాత అంతే. ఇంట్లో వారి ఖాతాకు పంపించి అక్కడి నుంచి తెచ్చుకుందాం అని ఎవరైనా తెలివిగా సలహా ఇస్తే వారికి దూరంగా జరగండి. 5,000 డాలర్ల కోసం కొని తెచ్చుకునే ఆపద కాదది.

ఆ మేనల్లుడు అమెరికా గురించి చెప్పింది మాత్రం నిజమే. అక్కడ చర్చిలు, గుళ్ళు, మసీదులు ఇతర ధర్మసంస్థల్లా ఏటా సమాచార రిటర్ను వేయనక్కర్లేదు. కానీ సొమ్ము నిర్వాహకుల జేబులోకి పోకూడదన్న షరతు అక్కడా ఉంది. అయినా మీరు ఉన్నది భారతదేశంలో. నమోదైన సంస్థ ఆదాయం, మినహాయింపు లెక్కించకముందు, పన్ను పడే కనీస పరిమితి దాటితే ఆడిటు తప్పదు. విదేశీ సొమ్ము లేని, 5 కోట్లు దాటని మీవంటి వారికి ఆ నివేదిక ఫారం 10బీబీ, మామూలుగా సెప్టెంబరు 30 లోపు. ఆ పైన అక్టోబరు 31 లోపు ఐటీఆర్-7 రిటర్ను. పుస్తకాలు, ఓచర్లు పదేళ్ళు దాచాలి. అదీ కాక, సొసైటీ కనుక సభ్యుల జాబితా, లెక్కలు ఏటా రిజిస్ట్రారుకూ వెళ్ళాలి. పన్నెండేళ్ళలో ఒక్కసారైనా వెళ్ళాయా అని అడగడానికి నాకే జంకుగా ఉంది.

‘ప్రభుత్వానికి మన జోలికి వచ్చే హక్కు లేదు’ అన్న మాట రాజ్యాంగం పేరు చెప్పి కూడా వినిపిస్తుంటుంది. 26వ అధికరణం మతశాఖలకు తమ మత వ్యవహారాలు తామే చూసుకునే హక్కు ఇచ్చింది. అదే అధికరణం ఆస్తి నిర్వహణ మాటకు వచ్చేసరికి ‘చట్టం ప్రకారం’ అని చేర్చింది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ గీతనే గీసి చూపింది. ఏ పూజ ఎప్పుడు, ఎలా చేయాలో మఠం ఇష్టం, ఆస్తిని నడిపే తీరును చట్టం నియంత్రించవచ్చు. మీ దగ్గర ప్రార్థన ఎన్ని గంటలకు మొదలవ్వాలో ఏ ఆదాయపు పన్ను అధికారీ చెప్పడు. రశీదు 37 ఎక్కడికి పోయిందో అడుగుతాడు. ప్రార్థన చేయించేవారి జీతానికి కూడా మినహాయింపు పాకదు. క్యాథలిక్ ఫాదర్లు, సన్యాసినులు ఎయిడెడ్ స్కూళ్ళలో పనిచేస్తూ, జీతమంతా తమ సంఘానికే ఇచ్చేస్తాం కనుక టీడీఎస్ పట్టకూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2024 నవంబరులో ఆ వాదన వీగిపోయింది.

ఇదంతా అధ్యక్షుల వారికి ఎలా చెప్పాలన్నది మీ అసలు బాధ అని నాకు ఉత్తరం చదవగానే తెలిసింది. స్థలం ఇచ్చిన మనిషిని లెక్క అడగడమంటే ఆయన భక్తిని శంకించినట్టు అవుతుందేమోనని మీ భయం. మాస్టారూ, లెక్క లేనప్పుడు అందరికంటే ముందు అనుమానం వచ్చేది స్థలం ఇచ్చినవారి మీదే. సెక్షన్ 13లో స్థాపకులు, పెద్ద దాతలు ముందు వరుసలో ఉండటం ఊరికే కాదు. అందుకని నలుగురిలో కాకుండా ఆయన ఇంటికి వెళ్ళి ఇలా చెప్పండి: ‘అయ్యా, రేపు మీరూ నేనూ ఉండం. అప్పుడు ఎవరో ఒకరు, ఆయన స్థలం ఇచ్చింది నిజమే, కానీ పెట్టెలోది ఏమైందో అంటారు. ఆ మాట పడకుండా ఇప్పుడే కాగితం మీద పెడదాం.’ సెక్షన్ల మాట ఎత్తకండి. ఆడిటరును తీసుకువెళ్ళి ఆయన చేత చెప్పించండి. మందలింపు చుట్టాల నోట కంటే ఫీజు తీసుకునేవాడి నోట వస్తే గౌరవంగా వినిపిస్తుంది.

ఆయన ఒప్పుకున్నాక మొదట చేయవలసింది పెట్టె లెక్కింపు మార్చడం. నేను ఒకచోట చూసిన పద్ధతి చెబుతాను. దుప్పటి పరిచి, మూడు వేర్వేరు కుటుంబాల వారు కూర్చునేవారు. ఒకరు నోట్లు, ఒకరు నాణేలు, మూడో వ్యక్తి డబ్బు ముట్టుకోకుండా రాయడం మాత్రమే. ఐదువందలవి ఎన్ని, వందలవి ఎన్ని, పదులవి ఎన్ని, చిల్లర ఎంత, ఒక కాగితం మీద విడివిడిగా వేసి ముగ్గురూ సంతకాలు చేసేవారు. చిరిగిన నోట్లకు కూడా ఒక వరుస ఉండేది. మర్నాడు బ్యాంకు తెరవగానే అంతా జమ, అందులోంచి పువ్వులకనో, ఆటోకనో ఒక్క రూపాయి తీయకుండా. ఖర్చులకు మళ్ళీ చెక్కు రాసి తీసుకునేవారు. చాదస్తంగా కనిపిస్తుంది గాని, జమ చీటీ మీది అంకె, లెక్కింపు కాగితం మీది అంకె పైసా తేడా లేకుండా సరిపోయినప్పుడు ఆ ముగ్గురి ముఖాలూ చూడాలి. నెలకోసారి జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత అని ఒక పేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి. మొదటి నెల ఎవరూ చదవరు. మూడో నెల అది కనిపించకపోతే అడుగుతారు.

ఒప్పుకోకపోతే? రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే తేదీ వేసి, కారణం రాసి రాజీనామా ఇవ్వండి. రాజీనామా తర్వాత సభ్యుడిగా మీ హక్కు పోదు. ప్రజల కోసం ఏర్పడిన మత ధర్మనిధి విషయంలో, దానితో సంబంధం ఉన్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో లెక్కలు చూపమని దావా వేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 92వ సెక్షన్ ఉన్నది ఇందుకే. దేవాదాయ చట్టం పరిధిలోని గుళ్ళకు, వక్ఫు ఆస్తులకు దారులు వేరు. అక్కడ ఆడిటు, అజమాయిషీ ఆ శాఖ, ఆ బోర్డుల చేతిలో ఉంటాయి. మీ సంగతి కోర్టు దాకా వెళ్తుందని నేను అనుకోను. స్థలం ఇచ్చిన మనిషి, తన పేరు ఎలా మిగలాలో ఆలోచించే మనిషి.

చివరగా ఆకుపచ్చ నోటుపుస్తకం. తిరగరాయకండి. కొట్టివేతలు, సిరా మరకలు, మధ్యలో చీటీతో సహా అది ఉన్నది ఉన్నట్టు ఉండాలి. శుభ్రంగా రాసిన కొత్త పుస్తకంలో మూడేళ్ళ పద్దులూ ఒకే కలంతో, ఒకే దస్తూరితో ఉంటే చూసిన క్షణంలో ఏ ఆడిటరైనా పట్టేస్తాడు, అప్పుడు తప్పు మీది అవుతుంది. 37 నుంచి 41 వరకు లేవని ఆ రశీదు పుస్తకం అట్ట మీదే రాసి, అధ్యక్షుల చేత, పాత కోశాధికారి చేత సంతకం చేయించండి. తర్వాత వారిద్దరినీ, ఇంకొక సభ్యుణ్ణీ కూర్చోబెట్టి బీరువా తెరిచి నగదు లెక్కపెట్టండి. నోటుపుస్తకంలో చివరి పద్దు కింద అడ్డంగా ఎర్రగీత గీసి, తేదీ వేసి, ‘ఈ రోజు లెక్కించగా ఉన్న నగదు’ అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. దాని కింద ‘ఫలానా సభ్యుని నుంచి రావలసినది 40,000’ అని మరో పద్దు వేసి, నలుగురూ సంతకాలు పెట్టండి. చీటీని అదే పేజీకి పిన్ను పెట్టి ఉంచండి.